కోర్టులో తాగిన కాఫీ

ఉత్తర అల్బేనియా కొండల్లో ఒక చిన్న కోర్టు. అక్కడ అర్జీలు తీసుకునే గుమాస్తా ద్రానే. పెళ్ళి కాకముందు చేరింది, జుట్టు నెరిసేదాకా ఆ కిటికీ వెనకే కూర్చుంది. వచ్చినవాళ్ళని కసురుకోవడం తప్ప మరో పలకరింపు ఎరగదు. "సంతకం ఏదీ? పో, పెట్టించుకు రా" అని కిటికీ మూసేసేది. ఆమె నోటికి జడిసి సగం మంది న్యాయం మాటే మరిచిపోయారని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. వేళాకోళమేముంది, నిజమే.

అలాంటి మనిషిని జడ్జిగారితో పాటు రాజధాని టిరానాకి శిక్షణకి పంపారు. బెదిరి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టండి, కాస్త కాఫీ ఇవ్వండి, రెండు పక్షాలకీ ఒకే మర్యాద చెయ్యండి అని అక్కడ చెప్పారు. ద్రానేకి ఆ మాటలు గుచ్చుకున్నాయి. ఎంతమందిని ఉసూరుమనిపించానో అనుకుని తిరిగొచ్చే బస్సులో దారి పొడవునా ఏడ్చింది. రాగానే పాత సామాన్ల గది ఖాళీ చేయించి బల్లలు వేయించింది. ఇంట్లోంచి కాఫీ గిన్నె తెచ్చి పెట్టింది.

మ్రీకా దావా ఆ వారమే విచారణకొచ్చింది. మొగుడు పోగానే మరిది జెలోష్ ఆమె ఇంటికి తాళం వేసుకున్నాడు. పాపం, చర్చి వెనక గదిలో తలదాచుకుంటోంది. సొంత అన్నదమ్ములే మొహం చాటేస్తే ఒంటరిగా కోర్టుకెక్కింది. కాగితాలన్నీ ఆమె వైపే ఉన్నాయి, ఇల్లు ఆమెకే వస్తుందని ద్రానేకి తెలుసు.

"ఇలా కూర్చో పెద్దమ్మా. కాఫీ తాగు, గుండె దిటవవుతుంది."

"కిందటిసారి నన్ను గెంటినంత పని చేశావు కదే తల్లీ?"

"ఆ మనిషిని కాదులే ఇప్పుడు."

ఒకే మర్యాద అన్నారు కదా, జెలోష్‌నీ అతని వెంట వచ్చినవాళ్ళనీ కూడా ఆ గదిలోనే కూర్చోబెట్టి పళ్ళెంలో కాఫీ తెచ్చింది. జెలోష్ చటుక్కున లేచి ఒక కప్పు తీసి మ్రీకాకి అందించాడు.

"తీసుకో వదినా. కోర్టువారి కాఫీయేలే."

మ్రీకా కప్పు వంక చూసింది, ద్రానే వంక చూసింది. ద్రానే మొహం నిండా ఆశ. "తాగు పెద్దమ్మా, నా చేత్తో కాచాను" అంది. నొచ్చుకుంటుందేమోనని మ్రీకా తాగేసింది.

పగవాడి చేతి కాఫీ పదిమందిలో తాగితే ఆ కొండల్లో పగ తీరిపోయినట్టే. అది ద్రానేకి తెలియకా? అక్కడే పుట్టిన మనిషి. కోర్టు కాఫీకి కూడా ఆ కట్టుబాటు వర్తిస్తుందని తట్టలేదు, అంతే. జెలోష్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"చూశారుగా అందరూ. ఇక మా మధ్య తగువు లేదు."

"ఏడిశావు. ఆ కాఫీ పెట్టింది నేను."

"పెట్టింది నువ్వే. అందించింది నేను."

విచారణలోనూ జెలోష్ అదే చెప్పాడు. జడ్జిగారు శిక్షణలో నేర్పినట్టే ఎంతో మెత్తగా మ్రీకాని, ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగారు. "లేదు బాబూ. కాఫీ తాగాను. ఇక అడగడానికి నాకు నోరు లేదు" అంది మ్రీకా. దావా కొట్టేశారు. రాజీ కుదిర్చారని పైవాళ్ళు కోర్టుని మెచ్చుకున్నారు కూడా, ఒళ్ళు మండిపోదూ?

ద్రానే మెట్ల దాకా పరిగెత్తింది. "వెనక్కి రా పెద్దమ్మా. ఆ కట్టుబాటు కోర్టులో చెల్లదు, నేను చెప్తాను."

"చెల్లకపోవచ్చు. కానీ నేను బతకాల్సింది ఊళ్ళో. మాట తప్పినదాని గుమ్మం ఎవరు తొక్కుతారు?" మ్రీకా ఆమె చెయ్యి నిమిరింది. "నువ్వు బాధపడకు తల్లీ. మొగుడు పోయాక నన్ను కూర్చోమన్నది నువ్వొక్కదానివే."