గడప దాటి లెక్క రాసిన శాంతకుమారి మేడం

ఇంటింటి సర్వేకు శిక్షణ ఇస్తున్న హాల్లో కూర్చుని, ఫోనులో ఏ గడి తర్వాత ఏ గడి నింపాలో నేర్చుకుంటుండగా ఆ కబురు వచ్చింది. నంద్యాల నుంచి మేడం చెల్లెలు ఫోను చేసి, "అక్క పొద్దున్నే పోయింది సార్" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. ఆళ్లగడ్డ, నంద్యాల బడుల్లో మూడు దశాబ్దాల పైచిలుకు ఎందరో పిల్లలకు అక్షరాలు దిద్దించిన, జనాభా లెక్కలొచ్చినా ఇంటింటి సర్వే వచ్చినా అధికారులకు మొట్టమొదట గుర్తొచ్చే శ్రీమతి శాంతకుమారి గారు ఇహలోక యాత్ర చాలించారు.

పిడుగుపాటు వంటి ఆ వార్త విని శోకసాగరంలో మునిగిపోయానని రాయడం ఆనవాయితీ. రాయలేను. నాకు ముందుగా కలిగింది శోకం కాదు, భయం. హాలు బయటికొచ్చి కొళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. నా ఉద్యోగం కొత్తలో నేను చేసిన ఒక అపచారం సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఇక నాకొక్కడికే తెలుసు. పైగా ఆ అపచారం జరిగిన వీధే ఈసారి సర్వేలో నా వంతుకు వచ్చింది.

మేడం పుట్టింది కొలిమిగుండ్ల దగ్గర ఒక పల్లెలో. తండ్రి వారమంతా చేలల్లో కూలికి పోయి ఆదివారం చర్చిలో గంట కొట్టేవారట. పొట్టి మనిషి, నేత చీర, భుజాన గుడ్డ సంచి. అందులో రెండు పెన్నులు, ఒక రాత అట్ట, ఒక నీళ్ల సీసా. కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, ఇంకా తగ్గేది. ఆ తగ్గిన గొంతంటే హెడ్మాస్టర్లకు కూడా హడలు.

సర్వే కాగితాల్లో కుటుంబానికి ఒక నిర్వచనం ఉంటుంది. ఒకే వంటింట్లో వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. మాకందరికీ అది బట్టీ పట్టిన వాక్యం. ఆమెకు మాత్రం శాసనం. ఏ ఇంటికి వెళ్లినా చెప్పులు విడిచి, గడప దాటి, పొయ్యి దగ్గర కూర్చునేవారు. రాబడి ఎంత అని ముందుగా అడిగేవారు కాదు. "ఈ పొద్దు ఎన్ని గ్లాసుల బియ్యం పోసినావమ్మా?" అని మొదలుపెట్టేవారు. గ్లాసులను బట్టి తినే నోళ్లు, బియ్యం డబ్బా అడుగును బట్టి రాబడి, ఆరేసిన బట్టలను బట్టి ఊళ్లో లేనివాళ్ల లెక్క ఆమెకు తెలిసిపోయేవి. ఆ తర్వాతే పెన్ను మూత తీసేవారు. కొన్ని ఇళ్లలో ఆమె కులమేమిటో ఆరా తీసి వసారాలోనే కుర్చీ వేసేవారు. ఆమె కుర్చీలో కూర్చోకుండా, "నీ పొయ్యి నేను ముట్టనులేమ్మా, సూసి వస్తా" అని లోపలికి తొంగిచూసి వచ్చేవారు. ఆ మాట అనడానికి ఆమెకెంత కష్టమయ్యేదో నేనెప్పుడూ అడగలేదు.

సర్వే వాళ్లు వస్తున్నారంటే పట్నంలో సగం సామాను మంచాల కిందికి పోతుంది. మోటారు సైకిళ్లు పక్క సందులోకి పోతాయి. బియ్యం కార్డు ఎక్కడ పోతుందోనని ప్రతి ఇంటికీ గుబులే. నంద్యాలలో ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరు నడుమ చీర కట్టి రెండు కాపురాలు చేస్తున్నారు. ఏది రాయిస్తే ఏం ఊడుతుందో తెలియక, మమ్మల్ని చూడగానే చిన్న కోడలు రెండో పొయ్యిని వేడివేడిగానే మంచం కిందికి తోసింది. మేడం అది చూసి, "ముందు దాన్ని బయటికి తీమ్మా, మంచానికి అంటుకుంటాది" అన్నారు. తర్వాత తాపీగా అడిగారు, కూరలు ఇచ్చిపుచ్చుకుంటారా, అన్నం కూడానా అని. అన్నం వేరేనని తేలాక రెండు కుటుంబాలని రాశారు. "కూర మార్చుకుంటే ఇరుగుపొరుగు, అన్నం ఒకటైతే ఇల్లు" అనేవారు. ఆ ఇంట్లో అబద్ధమాడిన వాళ్ల మీద నాకు ఒళ్లు మండింది. ఆమెకు మండలేదు. మనల్ని చూసి జడుసుకున్నారంటే ఇంతకు ముందెవరో తప్పు రాసిపోయి ఉంటారని ఆమె వాదన.

తాళం వేసిన ఇంటిని ఖాళీ అని రాయనిచ్చేవారు కాదు. మిరపకోతలకు పోయిన వాళ్లు, బెంగళూరులో కట్టడం పనులకు పోయిన వాళ్లు వచ్చేదాకా కాచుకుని, ఆదివారం ప్రార్థన కాగానే చర్చి చీరతోనే వెళ్లి రాసుకొచ్చేవారు. పేపర్లలో పట్నం జనాభా ఇంత, తలసరి రాబడి ఇంత అని పడితే మేమంతా మురిసిపోయేవాళ్లం. ఆమె మురిసేవారు కాదు. "ఆ అంకె అంతా మనం ఒగో గడప కాడ రాసిండేదే గదప్పా. ఈడ మనం తప్పు రాస్తే ఆడ ఢిల్లీలో అదే నిజమైతాది" అనేవారు.

ఇంత అనుభవం ఉన్న మనిషికి ప్రతి ఉదయం మొదటి ఇంటి ముందు చేతులు వణికేవి. కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుని గానీ తలుపు కొట్టేవారు కాదు. నేను అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రవాణ్ణి. ఒకనాడు నవ్వి, ఏంది మేడం, లోపల ఎవరన్నా కొడతారా అని అడిగాను. ఆమె నవ్వలేదు.

"కొడితే దెబ్బ మానిపోతాదప్పా, రాత మానదు. మన పనికి భయం ఉండాల. భయం లేనోడు గడప కాడ్నే రాసేస్తాడు."

ఆ మాటన్న వారానికే నేను గడప దగ్గరే రాశాను.

ఆళ్లగడ్డలో శిల్పుల వీధి తెలిసిందే. ఎక్కడెక్కడి గుళ్లకో విగ్రహాలు అక్కడ చెక్కుతారు. ఇంటింటి ముందూ రాళ్లు, ఉలుల చప్పుడు, తెల్లటి రాతిపొడి. ఆ సర్వేలో మేడం మా పైన సూపర్‌వైజరు. ఆ వీధి నాది. చివరి రోజు, మిట్టమధ్యాహ్నం, ఒకే ఇల్లు మిగిలింది. ఇంటి ముందు నిలువెత్తు నల్లరాతి విగ్రహాలు మూడు. వాకిలంతా నునుపు బండలు పరిచి ఉన్నాయి. నేను సేద్యగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఊళ్లో వాకిట్లో గడ్డివామి ఉన్నా, ఎనుములున్నా, ట్రాక్టరున్నా అది ఆ ఇంటివాళ్లదే. పరాయి సొత్తు వాకిట్లో నిలబెట్టుకునే ఇల్లు ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. లోపల మంచం మీద చూపు ఆనని ముసలావిడ ఒక్కతే ఉంది. ఎవరప్పా అంది. సర్వే అవ్వా అన్నాను. కొడుకు పనికి పోయినాడు, కోడలు నీళ్లకు పోయింది, ఉండు వస్తాది అంది. బస్సుకు వేళవుతోందని నేను ఉండలేదు. ఇంట్లో ఎంతమందో గడప దగ్గర నుంచే అడిగి, సొంత శిల్పశాల, విగ్రహాల వ్యాపారం అని రాసి, రాబడి గడుల్లో అన్నిటికంటే పైదానికి టిక్కు పెట్టి వచ్చేశాను.

ఆ విగ్రహాలు ఒక కంట్రాక్టరువి. తన షెడ్డులో చోటు లేక, వాటిని చెక్కే మనిషి ఇంటి వాకిట్లోనే అతను దించి పోయాడు. ఆ చెక్కే మనిషి వీరాచారి దినకూలీ. వాకిట్లో పరిచిన బండలు ఎవరో పారేసిన విరిగిన ముక్కలు. గడప దాటి ఉంటే లోపల ఒకే గది, ఒకే పొయ్యి కనబడేవి. కొన్నాళ్లకు వాళ్ల బియ్యం కార్డు పోయింది. ముసలావిడ కాశమ్మవ్వ పింఛను ఆగిపోయింది. ఆ పింఛనుతోనే ఆమె షుగరు మాత్రలు కొనుక్కునేది. మాత్రలు లేక కాలి పుండు ముదిరి రెండు వేళ్లు తీసేశారు.

వీరాచారి కాగితం పట్టుకుని బడికి వచ్చి, మా ఇల్లు రాసింది ఎవరని అడిగిన రోజు నేను స్టాఫ్‌రూములోనే ఉన్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను నోరు తెరిచేలోగా మేడం లేచి నిలబడ్డారు.

"నేనే వచ్చినా నాయనా. నేనే రాసినా. తప్పు నాదే."

ఆయన ఆమెను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. ఆ రోజు నుంచి ఏడాది పొడుగునా ఆమె ఆయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. మెమో తీసుకున్నారు. కార్డు, పింఛను మళ్లీ వచ్చేదాకా నెలనెలా తన చేతులతో బియ్యం, మాత్రలు మోసుకెళ్లారు. నన్ను తిట్టలేదు. బస్టాండులో ఒక్కసారి మాత్రం గొంతు తగ్గించి, నేను ఎవరికీ చెప్పను, ఇది నా మాట, ఉద్యోగం ఖాయమైనాక నువ్వే పోయి వాళ్లకు చెప్పాలప్పా అన్నారు. సరేనన్నాను.

ఉద్యోగం ఖాయమైంది. పెళ్లయింది. ప్రమోషనొచ్చింది. ఆమె రిటైరై నంద్యాలలో చెల్లెలితో ఉండసాగారు. కనబడినప్పుడల్లా ఒకటే మాట, "పోయినావా?" పోతా మేడం అనేవాణ్ణి. నిజంగానే రెండుసార్లు ఆ వీధి మలుపు దాకా వెళ్లి, ఉలి చప్పుడు వినబడగానే వెనక్కి తిరిగాను. ఆ మధ్య కాశమ్మవ్వ చనిపోయింది. అప్పట్నుంచి మేడం అడగడం మానేశారు. అడిగినప్పటి కంటే అడగనప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

పోయిన నెల ఆసుపత్రిలో చూడబోతే నా చెయ్యి పట్టుకుని, "ఆ యవ్వ మాటను నేను అబద్ధం చేసినానప్పా" అన్నారు. ఏ మాట మేడం అని అడిగాను. కళ్లు మూసుకున్నారు. జ్వరంలో ఏదో అంటున్నారనుకున్నాను.

నంద్యాల సమాధుల తోటకు వీరాచారి వచ్చారు. జుట్టు నెరిసింది. మట్టి వేశాక నా దగ్గరకు వచ్చి, టీచరమ్మ సమాధి రాయి తానే చెక్కుతానని, దాని మీద ఏం రాయాలో చెప్పమని అడిగారు. ఒకసారి తప్పు రాసినా ఏడాది పాటు అన్నం పెట్టిన తల్లి అన్నారు. పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పవలసిన చోటు అదే. తర్వాత చెప్తానని గొణిగి ఆటో ఎక్కాను. ఇంత పిరికితనం తర్వాత ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదనిపించింది.

మొన్న సర్వేకు ఆ వీధికి వెళ్లాను. ఈసారి ఫోనులోనే అంతా. వీరాచారి ఇంటి ముందు నిలబడితే చేతులు వణికాయి. ప్రార్థన చేయడం నాకు రాదు, ఊరికే కళ్లు మూసుకున్నాను. లోపల ఏదో ఈడ్చిన చప్పుడైంది. కాశమ్మవ్వ కోడలు కొత్త మిక్సీని మంచం కిందికి తోస్తోంది. ఆమె నన్ను చూసిన చూపు చూసి నా ప్రాణం చచ్చిపోయింది. చెప్పులు విడిచి, గడప దాటి, పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఎన్ని గ్లాసుల బియ్యం పోశావమ్మా అని అడిగాను. నాలుగని చెప్పింది. ఫోను పక్కన పెట్టి, అక్కడే కూర్చున్న వీరాచారితో చెప్పాను, ఆనాడు వచ్చింది మేడం కాదని, గడప దగ్గరే రాసి పోయింది నేనని.

ఆయన నా ముఖంలోకి చూశారు. కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే మానిపోయేది.

"మా యమ్మ చెప్తానే ఉన్నింది సార్. ఆ పొద్దు వచ్చింది మొగోడు, నాకు సూపు లేకపోతే ఏం, చెవులుండాయి గదా అని. టీచరమ్మే నేనని ఒప్పుకుంటాంటే నీదేం మాటమ్మా అని మేం గదిరిచ్చినాం. మతి తప్పిందనుకున్నాం. ఒకసారి టీచరమ్మ బియ్యం తెచ్చినప్పుడు ఆమె ముందరే అనింది. ఆయమ్మ తల వంచుకునింది గానీ ఏం పలకలేదు. సచ్చేదాకా మా యమ్మ మాట మేం నమ్మలేదు సార్."

ఆసుపత్రిలో మేడం అన్నది ఏ మాట గురించో అప్పుడు తెలిసింది. జీవితమంతా ఒక్క గీత తప్పు రాయని మనిషి నా కోసం ఒక అబద్ధమాడారు. ఆ అబద్ధం నా ఉద్యోగాన్ని కాపాడింది, ఒక ముసలితల్లి మాటను సొంత ఇంట్లో చెల్లకుండా చేసింది. అది తెలిసీ, నాకిచ్చిన మాట తప్పలేక, నేను పోయి చెబుతానని కాచుకుని, కాచుకుని ఆమె వెళ్లిపోయారు. నా తప్పుకు నేను పడవలసిన భయమంతా ఆమె పడ్డారు.

వీరాచారి లేచి గోడకున్న తల్లి ఫోటో ముందు నిలబడ్డారు. చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా చెప్పారు.

"అమ్మా, మొగోడేనంట."

తర్వాత నా ఎదురుగా వచ్చి కూర్చుని, రాసుకోండి సార్, ఒకే పొయ్యి అన్నారు. రాశాను. ప్రతి గడినీ ఆయనకు చదివి వినిపించి రాశాను. మంచం కింది మిక్సీ దాచక్కర్లేదని కోడలికి చెప్పాను. వచ్చేటప్పుడు రాయి మీద ఏం చెక్కాలని ఆయన మళ్లీ అడగలేదు, నేనూ చెప్పలేదు. అది ఇక ఆయన ఇష్టం.

మేడం, మిమ్మల్ని దేవతను చేసి రాస్తే మీరే గొంతు తగ్గించి మందలిస్తారు. ఉన్నది ఉన్నట్టు రాశాను. మీరు లేని లోటును ఈ ఆళ్లగడ్డలో, ఈ నంద్యాలలో పూడ్చగలవాళ్లు లేరు. గడప దాటేవాళ్లే కరువయ్యారు. రేపు ఇంకో వీధి ఉంది, చేతుల వణుకు ఇంకా తగ్గలేదు. మీరు అడగడం మానేసిన ప్రశ్నకు నా జవాబు ఇదిగో. పోయినాను మేడం.