రివర్స్ గేరు పడని సందు

ఈ ఉదయం మా ఆయన మొదటి షిఫ్టుకు గనిలోకి దిగాడు. కింద ఫోను పని చేయదు. పక్క క్వార్టర్ మల్లయ్య కాకకు ఆయాసం ఎక్కువైతే, నేనే కారులో దవాఖానాకు తీసుకెళ్ళాను. కాక గనిలో పనిచేసి రిటైరైన మనిషి. మేము ఆ కారు కొని వారమే అయింది.

దగ్గరదారి అని ఒక సందులోకి తిప్పితే, చివర కొత్తగా కట్టిన గోడ ఎదురైంది. రెండు పక్కలా ప్రహరీలే, తలుపు తెరవడానికి కూడా జాగా లేదు. నేను నేర్చుకున్న కారులో రివర్స్ కుడివైపు కింద ఉండేది. ఇందులో ఎడమవైపు పైన, మొదటి గేరు పక్కనే ఉంది. ఎన్నిసార్లు వేసినా మొదటి గేరే పడి, బండి గోడవైపే జరిగింది. ఇక జానెడు దూరం మిగిలేసరికి నాకు ఏడుపొచ్చింది.

"ఇంజన్ బందు చెయ్యి బిడ్డా. బొగ్గుబాయిల పైకప్పు కూలి నేను ఒకపారి ఇర్కపోయిన. ఆగమైతే ఊపిరే ఒడుస్తది," అన్నాడు కాక.

"నీకు గేర్లు తెలుసా కాకా?"

"తెల్వది. చీకట్ల చేతులతోని చూసుడు తెలుసు."

కళ్ళు మూసుకుని గేరు రాడ్డు తడిమాడు. పిడి కింద ఒక రింగు తగిలింది. దాన్ని పైకి లాగిపట్టి వేస్తే రివర్స్ పడింది.

దవాఖానా ముందు దిగుతుంటే చూశాను, కాక సీటు బెల్టును రెండు చేతులా పట్టుకుని వదలడం లేదు. నాకంటే ఆయనే ఎక్కువ భయపడ్డాడని అప్పుడు తెలిసింది.

రివర్స్ ఎట్లా పడుతుందో చూసుకోకుండా బండెక్కినవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, నాకు కాస్త సిగ్గు తగ్గుతుంది.