నూనె తలతో పరీక్షకు

ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఒక్క ముక్క ముందుగా చెప్పి ఉంటే ఆ దవాఖానల వాళ్ల నోటి ముత్యాలు రాలిపోయేవా?

డెబ్బైల చివర, జహీరాబాద్‌లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. క్లాసులో రెండుసార్లు మూర్ఛ వచ్చి పడ్డాను. మొదటిసారి ఎవరో నా చేతిలో తాళాల గుత్తి పెట్టారు. రెండోసారి హెడ్మాస్టరు మా నాయనను పిలిపించి, పెద్ద డాక్టరు కాగితం తెస్తేగాని పెద్ద పరీక్షలకు కూర్చోనివ్వనన్నాడు. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి.

మా ఊరి దవాఖానలో కాంపౌండరు చీటీ చేతికిచ్చి చెప్పింది ఒకటే మాట: "పట్నం పోన్రి. తలకు కరెంటు పరీక్ష చేస్తరు."

కరెంటు అనేసరికి ఇల్లంతా వణికింది. బస్సెక్కే ముందు అమ్మ గిన్నెడు ఆముదం నా నడినెత్తిన పోసి మర్దన చేసింది. "నూనె ఉంటే తల సల్లగుంటది బిడ్డా, కరెంటు పట్టదు" అంది. పరీక్షంటే పరగడుపునే అనుకుని గుక్కెడు చాయ కూడా తాగనివ్వలేదు.

పట్నంలో పరీక్ష చేసే మనిషి నా తల ముట్టుకుని చెయ్యి తుడుచుకున్నాడు. "గింత నూనెకు వైర్లు ఎట్ల అతుకుతయి? తల రుద్దుకొని నెల రోజులకు రాన్రి." నెలంటే పరీక్షలు పోయినట్టే. నాయన చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ జోడించిన చేతులు చూసి నాకు ఆ మనిషి మీదకంటే నాయన మీదే ఎక్కువ కోపమొచ్చింది.

అమ్మ మాత్రం బతిమాలలేదు. నా రెక్క పట్టుకుని ఆవరణలో నల్లా దగ్గరికి లాక్కెళ్లింది. బట్టలుతుకుతున్న ఆయా దగ్గర సబ్బు ముక్క అడుక్కుని, తోలు ఊడేలా మూడుసార్లు రుద్దింది. ఎండలో ఆరబెట్టి మళ్లీ ఆ గుమ్మం ముందే నిలబెట్టింది. "సూడు సారూ, సుక్క నూనె లేదు. జర చెయ్యి పెట్టి సూడు."

ఆయన విసుక్కుంటూనే అందరికంటే చివర పిలిచాడు.

తీరా చూస్తే ఏముంది? జిగట మందుతో తలంతా వైర్లు అతికించారు. కళ్లు మూయి, తెరువు అన్నారు. గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నారు. కళ్ల ముందు దీపం టపటపా వెలిగించి ఆర్పారు. పక్కన కలాలు కాగితం మీద గీతలు గీస్తూ పోయాయి. చీమ కుట్టినంత నొప్పి లేదు. నాలోకి కరెంటు రానే రాలేదు. నా తలలో పుట్టేదాన్నే ఆ యంత్రం రాసుకుంటుందట. ఈ సంగతి కూడా అంతా అయ్యాక, తల తుడుచుకోమని గుడ్డ ఇస్తూ చెప్పాడు మహానుభావుడు.

డాక్టరు మాత్రలు రాసి, బడికి పోవచ్చు, పరీక్షలు రాయవచ్చు అని కాగితమిచ్చాడు. హెడ్మాస్టరు దాన్ని విప్పనైనా లేదు. "కరెంటు పెట్టిన్రట గద?" అన్నాడు. పెట్టలేదని చెప్పబోతే నాయన నా చెయ్యి నొక్కాడు. మిగతా పిల్లలు జడుసుకుంటారని నా ఒక్కదాని బల్ల వరండాలో వేయించారు.

లెక్కల పరీక్ష మూడు గంటలూ ఎండకు ఒక పక్క కాలుతూ రాశాను. నాకేమీ కాలేదు. లోపల మూడో వరసలో ఒక పిల్ల కళ్లు తిరిగి దబ్బున పడింది. హెడ్మాస్టరే పరుగున వచ్చి ముఖాన నీళ్లు చల్లి, గ్లాసుడు మజ్జిగ తాగించి, ఆ పిల్లను మళ్లీ తన చోట్లోనే కూర్చోబెట్టాడు.