తడి ఆరిన పగులు

తెలంగాణ రాకముందు మాట. సూర్యాపేటలో బస్సెక్కి నిలబడితే, సీట్లో ఉన్న పెద్దాయన నా చేతిలోని గిటారు చెక్కను అందుకొని ఒళ్లో పెట్టుకున్నాడు. కాయలు కాసిన ఆ వేళ్లు చూడగానే వడ్రంగి అని తెలిసిపోయింది.

ఒకాయన చేయమంటే నేను చేస్తున్న గిటారు బాడీ, ఇంకా పాలిష్ పెట్టని చెక్క అది. మధ్యలో దిమ్మె వదిలి, రెండు పక్కలా తొలిచి, పైన అలల్లాంటి చారలున్న టేకు పలక అతికించాను.

ఆయన వేలి కణుపుతో తట్టి చూశాడు.

"పక్కలకు డొల్ల, నడుమ దిమ్మె. మంచిగ చేసినవ్."

తర్వాత వేలు నోట్లో తడి చేసుకొని చారల మీద రాశాడు. చుట్టూ కర్ర నల్లబడింది. ఒక అల వెంట మాత్రం సన్నని గీత తెల్లగా మిగిలింది. రంపపు పొట్టూ జిగురూ కలిపి నేను పూడ్చిన పగులు అది. అన్ని చారల్లో ఎవరికీ కనబడదనుకున్నాను.

"కొనేటాయనకు చెప్పినవా, బిడ్డా?"

"చెప్పిన, తాతా."

ఆయన పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచాడు. "సూడు, పగులున్నదని చెప్పి అమ్మేటోళ్లు ఇంకా ఉన్నరు."

పెన్‌పహాడ్‌లో దిగుతూ నన్ను తన సీట్లో కూర్చోబెట్టి, చంటిపిల్లను అందించినట్టు చెక్కను నా ఒళ్లో పెట్టాడు.

మిర్యాలగూడ చేరేసరికి తడి ఆరిపోయింది. గిటారు చేయించుకుంటున్న మాస్టారు చెక్కను నిమిరి, "ఒక్క మచ్చ లేదు" అని మురిసిపోయాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

"ఆదివారం చర్చిలో వాయిస్తున్నాను, వచ్చి విను" అని మాస్టారు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. వస్తాననే అంటాను. కానీ ఆ బస్సు పెన్‌పహాడ్ మీదుగానే పోతుంది.