హొళగుంద దారిలో చిన్న మ్యాప్

2023, వానాకాలం. ఆదోనిలో ఒక బట్టల కొట్టు మీద మూడు గదుల్లో మా ఆఫీసు. మొబైల్ యాప్‌లు తయారుచేస్తాం. నేను రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చి పోతుంటాను. మా ఇంట్లో ఇంకా మగ్గం ఆడుతోంది. అమ్మ చీర నేసి మడత పెట్టి చూపిస్తుంది. "నువ్వు సేసే పని ఏందో ఒకసారి నా సేతిలో పెట్టి సూపియ్యే సరోజా" అని నన్ను ఎగతాళి చేస్తుంది. అమ్మకు చెప్పుకోదగ్గ పని ఒకటి చేశాను. అది షమీమ్ పుణ్యమే.

ఇళ్లకు నర్సులను పంపే ఒక చిన్న సంస్థకు అప్పట్లో మేం మ్యాప్ యాప్ చేసిచ్చాం. రోగి ఇల్లు ఎక్కడుందో, ఏ దారిన వెళ్లాలో నర్సు ఫోన్‌లో చూపిస్తుంది. బ్రహ్మాండంగా నడుస్తోందని మేం చంకలు గుద్దుకుంటున్న రోజుల్లో షమీమ్ ఆఫీసుకు వచ్చింది. ఆదోనిలోనే పుట్టి పెరిగిన నర్సు. పట్టణం దాటి ఒంటరిగా తిరగడం ఆ ఉద్యోగంతోనే మొదలు. స్కూటీ మీద హొళగుంద వైపు పల్లెలకు వెళ్తుంది. వస్తూనే ఫోన్ తీసి నా బల్ల మీద పెట్టింది.

"మేడమ్, దీంట్లో నేను పోయే రోడ్డు కనపడతాది. నేను యాడ ఉండానో కనపడదు."

జూమ్ తగ్గించుకుంటే సరిపోతుంది కదా అన్నాను, కొంచెం విసుగ్గానే. జూమ్ అంటే మ్యాప్‌ను దగ్గరికి లాక్కోవడం, దూరం జరపడం.

"తగ్గిస్తే ఊర్లన్నీ కనపడతాయి, నా సందు మాయమైతాది. పెంచితే సందు ఉంటాది, ఊర్లు పోతాయి. సేలల్లో బండి నిలబెట్టుకొని పెంచుతా తగ్గిస్తా ఉంటే, యాడి నుంచి వచ్చినానో కూడా మర్సిపోతాండాను."

రెండుసార్లు దారి తప్పిందట. రెండుసార్లూ వాళ్లన్న పని వదులుకుని బైకు మీద వెతుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చాడట. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం మానెయ్యమన్నాడు. "మా భాయ్ మాటంటే మాటే మేడమ్. నేను మానేస్తే ఆ తాతకు ఎవరు పోతారు?" అంది. తాత అంటే హనుమంతప్ప. షుగర్ వల్ల పాదానికి పుండు పడింది. రోజు మార్చి రోజు కట్టు మార్చకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టర్ చెప్పాడు. అంత దూరం పోవడానికి మిగతా నర్సులెవరూ ఒప్పుకోలేదు. నా విసుగు అప్పుడు దిగింది. ఆ అమ్మాయికి టీ తెప్పించాను.

ఓవర్‌వ్యూ మ్యాప్ అని ఒకటుంది. పెద్ద మ్యాప్ ఒక మూలన అగ్గిపెట్టెంత ఇంకో మ్యాప్ పెడతాం. అందులో చుట్టుపక్కల ప్రాంతమంతా చిన్నగా కనపడుతుంది. పెద్ద మ్యాప్‌లో మనం చూస్తున్న ముక్క ఎక్కడిదో ఈ చిన్నదాంట్లో ఒక చదరం గీసి చూపిస్తాం. సందూ పోదు, ఊరూ పోదు. కంప్యూటర్లలో ఇది పాత సంగతే. ఫోన్‌లో చోటు చాలదని ఎవరూ పెట్టరు.

"అరచేతంత తెర మీద రెండు మ్యాపులా? సంస్థోళ్లు నవ్విపోతారు సరోజా," అన్నాడు మా ఆఫీసు పెద్ద నాగరాజన్న.

"నవ్వితే నవ్వనియ్ అన్నా. ఆ పాప యాడ ఉందో ఆ పాపకు తెలియాల," అన్నాను. నా మొండితనం ఆయనకు కొత్త కాదు. సరేనన్నాడు.

వారం తిరగకుండానే పరీక్ష కోసం ఒక వెర్షన్ తయారైంది. దారిలో వాడి చూస్తే గాని తెలియదని, హనుమంతప్ప ఊరికి పోతున్న షమీమ్ స్కూటీ వెనక నేనే ఎక్కాను. హొళగుంద దాటేదాకా కులాసాగా కబుర్లాడుకున్నాం. మేడమ్ కాస్తా అక్క అయింది. తారురోడ్డు దిగాక అటూ ఇటూ పత్తి చేలే. ఎటు చూసినా ఒకే నల్లమట్టి. కొంత దూరం పోయేసరికి వంక పొంగి దారికి అడ్డంగా పారుతోంది. అక్కడ గొర్రెలు కాస్తున్న పెద్దాయన చేయెత్తి ఆపాడు.

"దిగొద్దండమ్మా, లోతుండాది. ఎనక్కి మళ్లి పడమటికి పోండి. దిబ్బ దాటినంక ఉత్తరానికి తిరుక్కోండి."

మా వైపు కుడి ఎడమలతో పని లేదు, దిక్కులతోనే దారి చెబుతారు. చెప్పి ఆయన గొర్రెల వెంట వెళ్లిపోయాడు. ఆ పూట మబ్బు కమ్మి, దిక్కు పోల్చుకోవడానికి నీడన్నది లేదు. స్కూటీ వెనక్కి తిప్పేసరికి పెద్ద మ్యాప్ గిర్రున తిరిగింది. బండి ఎటు పోతే అటు తిరగడం దాని పద్ధతి. మూలనున్న చిన్నదీ దాంతోపాటే తిరిగింది. రెండూ జతగా కదిలితే ముచ్చటగా ఉంటుందని అలా చేసింది నేనే. షమీమ్ ఫోన్ చూసింది, ఆకాశం చూసింది, కళ్లలో నీళ్లు పెట్టుకుంది.

"ఇంక భాయ్‌కి ఫోన్ సేసేదేనా అక్కా?"

అంతలోనే ఆ చిన్న మ్యాప్ మీద వేలు పెట్టింది. "మా ఇంట్లో నమాజుకు పడమటి గోడ ఏదో పిల్లప్పటి నుంచి తెలుసు. నేను ఎటు తిరిగినా ఆ గోడ ఆడనే ఉంటాది. ఇదేమిటికి నాతోపాటు తిరగాల?"

ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. పరీక్ష వెర్షన్ కాబట్టి చిన్న మ్యాప్ తిరగకుండా ఆపే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంది. అక్కడే, బురదలో నిలబడి, ఆపేశాను. పైన ఉత్తరం, ఎడమన పడమర. ఇక అది తిరగలేదు. షమీమ్ కొంగుతో కళ్లు తుడుచుకుని, చిన్నదాన్ని ఒకసారి చూసి, బండి తీసింది. పడమటికి పోయింది. దిబ్బ దాటాక ఉత్తరానికి తిరిగింది. నన్ను ఒక్క మాట అడగలేదు.

హనుమంతప్ప భార్య వాకిట్లోనే కాచుకుని ఉంది. "ఈ వానకి రావనుకుంటి తల్లీ, దేవరు పంపినట్టు వచ్చినావు," అంది. షమీమ్ పాత కట్టు విప్పి పుండు కడుగుతుంటే నేను గోడకానుకుని చూశాను. అంతవరకు ఏడ్చిన పిల్లేనా ఇది అనిపించింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

చిన్న మ్యాప్‌ను అలాగే, తిరగకుండా, అందరి ఫోన్లలోకీ పంపాం. షమీమ్ అడిగితే అందులో దేవరగట్టు కొండ, పెద్ద వంకలు కూడా చేర్చాం. సంస్థవాళ్లు నవ్వలేదు. మిగతా నర్సులు కూడా దూరపు పల్లెలకు పోతామన్నారని చెప్పారు. నాగరాజన్న ఆ ఘనత తనదే అన్నట్టు ఊరంతా చెప్పుకున్నాడు, చెప్పుకోనీ.

చలికాలం వచ్చాక షమీమ్ ఫోన్ చేసింది. తాత పుండు మానిందని, కాలు దక్కిందని చెప్పింది. వాళ్లన్న ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లకు చెల్లెలి సంగతి గొప్పగా చెబుతున్నాడట. చాలా సంతోషమైంది. మ్యాప్ బాగా పనిచేస్తోందా అని అడిగాను, మా వృత్తివాళ్ల బుద్ధి కదా.

"ఏమనుకోవద్దక్కా. ఆ ఊరికి పోయేటప్పుడు ఇప్పుడు ఫోన్ తీయడం లేదు. నాకే తెలుసు."

నేను చేసిన యాప్ వాడటం లేదని ఒకరు చెబితే కళ్లు చెమర్చడం నా ఉద్యోగంలో అదొక్కసారే. మ్యాప్ చేసేవాళ్లం దారి చూపించడమే మా పని అనుకుంటాం. మనిషికి తానెక్కడుందో తెలిస్తే దారి తనే పట్టుకుంటుందని నాకు షమీమ్ నేర్పింది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.