కర్ర ఈలకి బొప్పాయి కాడ

మా నాన్నకి ఏదైనా కొనడమంటే ఒక యజ్ఞం. సంతలో వంకాయలు కొనాలన్నా గంప మొత్తం కింద పోయించి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, చివరికి మొదట చూసినవే ఏరుకునేవాడు. అది నేతపనివాళ్ళకి పుట్టుకతో వచ్చే జబ్బు అనేది మా నాయనమ్మ. పోగు తెగిందా లేదా అని కళ్ళు చిట్లించి చూసీ చూసీ, లోకంలో ప్రతిదాన్నీ అలాగే చూస్తారని ఆవిడ గోల. అందుకే బెజవాడలో కర్ర ఈల కొన్న రోజున నాన్న అంతసేపు తెమల్చకపోతే నాకు వింతగా తోచలేదు. విసుగు మాత్రం వచ్చింది.

కర్ర ఈల అంటే పోలీసువాళ్ళు ఊదేది కాదు. జానెడు పైచిలుకు పొడుగుండే కర్ర గొట్టం. ఒక కొస నోట్లో పెట్టుకుని ఊదాలి, పైన వేళ్ళతో మూయడానికి ఆరు బెజ్జాలు. పిల్లనగ్రోవికి చుట్టమే గాని, దానికున్నంత పొగరు దీనికి లేదు. పిల్లనగ్రోవిని అడ్డంగా పట్టుకుని పెదవులు సరిగ్గా కుదిరిస్తేనే పలుకుతుంది. దీనికి ఊపిరి ఉంటే చాలు.

నాన్నకి పెదవులు కుదరకుండా పోయాయి. మా పంచలో రెండు మగ్గాలుండేవి, ఒకటి నాన్నది, ఒకటి బాబాయిది. ఒకనాడు బాబాయి మగ్గంలోంచి నాడె ఎగిరి వచ్చి నాన్న మూతి మీద తగిలింది. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే కర్రముక్క అది, చూడటానికి చిన్నదే, రెండు కొసలకీ ఇనుప మొనలుంటాయి. నాన్నకి ముందుపళ్ళు రెండు ఊడిపోయి, పై పెదవి చీలి వంకరగా అతుక్కుంది. అన్నం తినడానికి, మాట్లాడటానికి పెద్ద లోటేమీ రాలేదు. పిల్లనగ్రోవి ఎత్తితే మాత్రం గాలి పక్కకి పోయి బుస్సుమనేది. కొన్నాళ్ళు తంటాలు పడి, దాన్ని పాత పంచెముక్కలో చుట్టి దూలం మీద పెట్టేశాడు.

ఆ బుస్సు విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. అది నాన్న మీద జాలితో వచ్చింది కాదు, నా కోసం నేను ఏడ్చుకున్నాను. మా అమ్మ నా నాలుగో ఏట పోయింది. ఆవిడ ముఖమే నాకు సరిగా గుర్తు లేదు, గొంతు అసలే లేదు. అమ్మది దివిసీమ. అక్కడ నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాటొకటి పుట్టింటి నుంచి తెచ్చుకుందట. రేవులో నిలబడి పడవ కోసం ఎదురుచూసే పిల్ల పాట అది. రాట్నం ముందు కూర్చుని కండెలకి నూలు చుడుతూ రోజంతా అదే పాడేదట. తర్వాత్తర్వాత మా వాడలో ఆడవాళ్ళందరికీ ఆ పాట వచ్చేసింది. కాని అందరూ చివరి మాటని పైకి ఎత్తి వదిలేస్తారు. అమ్మ ఒక్కతే దాన్ని కిందికి దించేదట, బావిలోకి చేద దించినట్టు నిదానంగా. మగ్గం మీద కూర్చుని విని విని నాన్న దాన్ని ఆ దింపుడుతో సహా పట్టుకుని పిల్లనగ్రోవి మీదికి ఎక్కించాడు. సాయంత్రం మగ్గం దిగాక అరుగు మీద కూర్చుని వాయించేవాడు. అమ్మ గొంతంటే నాకు తెలిసిందల్లా ఆ వెదురులోంచి వచ్చిందే. అది ఆగిపోయాక సాయంత్రం అయ్యిందంటే నాకు భయం వేసేది.

అవి యుద్ధం రోజులు. నూలు సరిగా దొరక్క మగ్గాలు చాలా రోజులు ఊరికే పడి ఉండేవి. చేతిలో పని లేదు, నోట్లో పాట లేదు, నాన్న అరుగు మీద గోడకి చేరబడి వచ్చే పోయే ఎడ్లబళ్ళని చూస్తుండేవాడు. మా ఊరి కోలాటం జట్టులో ఒక ముసలాయన ఉండేవాడు, నాన్న పిల్లనగ్రోవి ఆగిపోయినందుకు మా ఇంట్లోవాళ్ళకంటే ఎక్కువ బాధపడ్డాడు. ఆయనే చెప్పాడు, దసరాకి బెజవాడలో కొండ కింద కొండపల్లి బొమ్మలవాళ్ళు కూర్చుంటారని, వాళ్ళలో ఒకాయన కర్ర ఈలలు చేస్తాడని, దానికి పళ్ళతో పనిలేదని. నాన్న ఊఁ అనలేదు, ఉహుఁ అనలేదు. దసరా పండగల్లో ఒకరోజు పొద్దున్నే నాకు జడ వెయ్యమని మాత్రం నాయనమ్మతో చెప్పాడు.

బందరు రోడ్డు మీద అప్పుడు తిరిగేవి బొగ్గు బస్సులు. బస్సు వెనకాల పొయ్యిలాంటి డ్రమ్ము, దాన్ని రాజేస్తే గాని బండి కదలదు. కంకిపాడు దాటాక మా బస్సు అలిగి ఆగిపోతే అందరం దిగి చింతచెట్ల కింద నిలబడ్డాం, డ్రైవరు మళ్ళీ బొగ్గులు కుక్కి రాజేశాడు. బెజవాడ చేరేసరికి నా ముక్కు నల్లబడింది. నాన్న కండువా కొసతో తుడిచి, "ఈల మంచిది దొరికితే మళ్ళీ మీ అమ్మ పాట వినొచ్చు," అన్నాడు. అమ్మ మాట నాన్న తనంతట తాను ఎత్తడం నేనెరుగుదునా అంటే ఎరగను. ఆ ఒక్క ముక్కతో నాకు బస్సు దుమ్ము, ఆకలి అన్నీ పోయాయి.

బొమ్మలాయన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. అంబారీ ఏనుగులు, కల్లుగీసేవాళ్ళు, దశావతారాలు ముందు వరసలో ఉంటే, ఈలల బుట్ట మాత్రం ఆయన మోకాలి పక్కన ఉంది. బొమ్మలు మెత్తటి పొణికి కర్రతో చేస్తాడు గాని ఈలలకి అంతకంటే గట్టి కర్ర వాడతాడట. నాన్న ఒకటి తీసి నోటి దగ్గరికి తీసుకెళ్ళబోయాడు. ఆయన చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"నోట పెట్టబాకండి. పెడితే ఎంగిలైపోద్ది, ఇంకది మీదే."

నిజమే కదా. ఒకరు నోట పెట్టి వదిలేసినదాన్ని ఇంకొకరు ఎలా కొంటారు? కొనేవాళ్ళేమిటి, చేసినవాడు కూడా నోట పెట్టకూడదు. మరి బాగుందో లేదో తెలిసేదెట్లా అంటే, దానికి ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంది. తడిగుడ్డలో చుట్టి బొప్పాయి కాడలు పెట్టుకున్నాడు. లోపల డొల్లగా ఉండే కాడ ఒక కొస ఈల మూతికి తొడిగి, రెండో కొస తన నోట్లో పెట్టుకుని ఊదేవాడు. ఎంగిలంతా కాడకే, ఈల మడిగానే ఉంటుంది.

ఆయన ఏదో భజన వరస ఊదాడు. బ్రహ్మాండంగా ఉంది. నాన్న తల అడ్డంగా ఊపి, మాకు కావలసిన పాట వేరే ఉంది, అది పలికితేనే కొంటాం అన్నాడు. అయితే అదేదో వినిపించమన్నాడాయన. నాన్న మొదలుపెట్టబోతే పళ్ళసందుల్లోంచి గాలి తప్ప పాట రాలేదు. నా వైపు తిరిగి, "నువ్వను అమ్మాయ్," అన్నాడు.

నేను అంతవరకూ ఎవరి ముందూ నోరు విప్పి పాడినదాన్ని కాదు. పైగా బజారు, పైగా ఆడపిల్లని. నాయనమ్మ వింటే వీపు చీరేస్తుంది. కాళ్ళ బొటనవేళ్ళ వైపు చూస్తూ పాడాను. చివరి మాట దగ్గర పిల్లనగ్రోవి ఎలా దిగేదో అలాగే దించాను, నాకు ఇంకోలా రాదు కాబట్టి. తలెత్తి చూస్తే నాన్న నా వైపు చూడటం లేదు. ముఖం కొండ వైపు తిప్పుకుని నిలబడ్డాడు.

బొమ్మలాయన పాట పట్టుకుని ఊదాడు. చివరి స్వరం చక్కగా కిందికి దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

"ఇంకోటి చూద్దాం," అన్నాడు నాన్న. "మళ్ళీ ఒకసారి అనమ్మా, ఆయనకి మొదలు అందలేదు."

అందిందని ఆయన అంటున్నాడు. అందలేదని నాన్న అంటున్నాడు. మళ్ళీ పాడాను. ఇంకో ఈల తీశాడు, అదీ బాగానే పలికింది, నాన్నకి నచ్చలేదు. ఇంకోటి. ఇంకోటి. ప్రతి ఈలకీ ముందు నేను పాడాలి. చుట్టూ జనం చేరారు. నా గొంతు ఎండిపోయింది. వంకాయల గంపకి పట్టిన గతే ఈ బుట్టకీ పట్టిందని నాలో నేను నాన్నని తిట్టుకుంటున్నాను. ఎట్టకేలకి బొమ్మలాయన బుట్ట బోర్లించి చూపించాడు.

"అయ్యా, ఇంక బుట్టే మిగిలింది. అదీ ఊదమంటారా?"

జనం నవ్వారు. నాన్న అప్పుడు ఆయన చేతిలో ఏ ఈల ఉందో అదే తీసుకున్నాడు. తిప్పి చూడలేదు, బేరం ఆడలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. బజార్లో నలుగురి మధ్య కూతురు పాడాల్సి వచ్చిందని సిగ్గుపడుతున్నాడని నాకు అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను. ఇంక జన్మలో పాడకూడదని ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని నాన్న ఈల నోట పెట్టాడు. పాట వచ్చింది. ఏడాదిపైన ఆగిపోయిన పాట మళ్ళీ మా ఇంట్లో వినపడుతుంటే నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి అది కిందికి దిగలేదు. కీచుమని పైకి లేచింది. పిల్లి తోక తొక్కారా అంది నాయనమ్మ వంటింట్లోంచి. నాన్న మళ్ళీ ఊదాడు, మళ్ళీ అదే కీచు. అందరిలాగే చివర పైకి పోయింది పాట. అన్నీ ఉండి అమ్మది మాత్రమే లేదు అందులో.

"అక్కడ దిగింది కదా నాన్నా," అన్నాను.

"దిగిందా?" అన్నాడు నాన్న.

మార్చుకోవడానికి లేదు, నోట పెట్టేశాడు. కొన్నాళ్ళు అలాగే గడిచాక నాకు బొప్పాయి కాడ గుర్తొచ్చింది. మా వెనక వీధిలో మిషన్ బడి పంతులమ్మగారి దొడ్లో బొప్పాయి చెట్లున్నాయి. అడిగి ఒక కాడ తెచ్చి ఈలకి తొడిగాను. మొదటి రోజు కాడలోని పాలు తగిలి నాన్న పెదవులు బూరెల్లా పొంగాయి, ఆ కోపంతో నాయనమ్మ నన్నూ పంతులమ్మగారినీ కలిపి తిట్టింది. తర్వాత కడిగి, పాలు కారిపోయేదాకా ఆరనిచ్చి తొడిగితే స్వరం దిగింది. పిల్లనగ్రోవికి అలవాటుపడ్డ నాన్న ఊపిరి గట్టిది, నేరుగా తగిలితే ఈల తట్టుకోలేకపోయింది. కాడలోంచి వచ్చేసరికి ఆ ఊపిరి మెత్తబడింది.

కాడ ఒక పూటకే వాడిపోతుంది. అందుకని రోజూ సాయంత్రం కాడ తేవడం నా పని అయింది. మా చెట్టుకి ఆకులు ఉంచుతావా లేదా అమ్మాయ్ అని పంతులమ్మగారు నవ్వుతూ దెప్పేవారు, దెప్పుతూనే మంచి కాడ చూసి కోసిచ్చేవారు. నాన్న అరుగు మీద, నేను గుమ్మంలో. పాట వచ్చేది గాని సన్నగా, కాలువ అవతలి గట్టు నుంచి వస్తున్నట్టు వచ్చేది. ఇంకాస్త దగ్గరగా వినపడితే ఎంత బాగుండునని నాకు ప్రాణం కొట్టుకునేది. అమ్మ అక్కడిదాకా వచ్చి ఇంట్లోకి రానట్టుండేది. ఈ మాట నాన్నతో ఎప్పుడూ అనలేదు.

యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, నాకు పెళ్ళయింది. మాఘంలో కాపురానికి పంపుదామనుకున్నారు. దానికి ముందు కార్తీకంలో గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు కొన్ని మిగిలాయి గాని, ఊళ్ళో బొప్పాయి చెట్టన్నది ఒక్కటి నిలవలేదు. ఆముదపు మొక్కల కాడలైనా పనికొస్తాయేమో అని చూస్తే అవీ బురదలో అంటుకుపోయాయి. సాయంత్రందాకా మోకాలిలోతు నీళ్ళలో తిరిగి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చాను. నాన్న తడిసిన పడుగు నూలుని పంచలో ఆరేసి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఈల ఒళ్ళో ఉంది. కాడ దొరకలేదని చెప్పాను.

"పోనీలేమ్మా. ఈలదేముంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు కాడలు తెచ్చి తెచ్చి, ఇవాళ నీళ్ళలో పడి తిరిగొస్తే ఈలదేముందంటాడా?

"ఏమీ లేనిదానికి బుట్టంతా ఎందుకు తిరగేశావు మరి? పట్టుబట్టి ఏరుకున్నావుగా," అన్నాను.

నాన్న ఈల బెజ్జాల్ని వేళ్ళతో తడిమాడు.

"నేనేం ఏరలేదమ్మా. ఆ రోజు ఒక్క ఈల కూడా వినలేదు నేను. నువ్వు పాడుతుంటే మీ అమ్మ పాడినట్టే ఉంది. బుట్ట ఉన్నంతసేపూ పాడతావు కదా అని ఇంకోటి, ఇంకోటి అన్నాను. బుట్టయిపోయింది, చేతికొచ్చింది తెచ్చుకున్నా."

"మరి ఇన్నాళ్ళూ పాడమని ఎందుకడగలేదు?"

"నువ్వే మానేశావుగా. బజార్లో పాడించానని కోపమొచ్చిందనుకున్నా. ఇంక అడగటానికి నోరు రాలేదు."

ఏడుపు కంటే ముందు నాకు కోపమే వచ్చింది. నాన్న మీదా, నా మీదా, ఏరి ఏరి కాడలు తెచ్చిన నా చేతుల మీదా. ఆయన అరుగు మీద, నేను గుమ్మంలో, ఇద్దరం కోరుకున్నది ఒకటే గొంతు. అది నా దగ్గరే ఉందని నాకు తెలియదు. తెలిసిన ఆయన అడగలేదు. ఎన్ని సాయంత్రాలు అలా పోయాయో ఈ వయసులో కూడా లెక్కపెట్టుకుంటూ ఉంటాను.

అరుగు మీదే, తడి పరికిణీతో కూర్చుని పాడాను. ఇన్నేళ్ళయినా పాట తప్పలేదు. చివరి మాట కిందికి దిగింది, ఈలలో ఎన్నడూ దిగనంత కిందికి. నాయనమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది, తిట్టలేదు. నాన్న ముఖం వీధి వైపు తిప్పుకుని ఉన్నాడు. ఈసారి అదేమిటో నాకు తెలుసు.

"మళ్ళీ ఒకసారి అనమ్మా," అన్నాడు. "మొదలు అందలేదు."

మాఘంలో నన్ను కాపురానికి పంపేదాకా ఆయనకి ఒక్క సాయంత్రం కూడా మొదలు అందలేదు.