చెల్లి నుదుటి మీది తెల్లచారలు

మా చిన్నప్పుడు... పిడుగురాళ్లలో మా ఇంటికి వేరే రంగు అక్కర్లేదు. సున్నపు బట్టీల దుమ్ము గోడల మీద, ఆరేసిన బట్టల మీద, చివరికి పెరుగు గిన్నె మూత మీద కూడా తెల్లగా పేరుకునేది.

నాన్న బట్టీలో పనిచేసేవాడు. సాయంత్రం రాగానే వాకిట్లోనే చొక్కా విప్పి మూడుసార్లు దులిపి, గోలెం దగ్గర స్నానం చేసి, గొంతులో దుమ్ము దిగడానికి బెల్లం ముక్క నోట్లో వేసుకుని, అప్పుడు గడప దాటేవాడు. ఆ దులపడం, కడుక్కోవడం అంతా మా చెల్లి పద్మ కోసమే...

పద్మకు పుట్టినప్పటి నుంచీ దగ్గే. ఎంత తిన్నా చేతులు పుల్లల్లా ఉండేవి. "బట్టీ దుమ్ము పడలా ఈ పిల్లకి" అని వీధి వీధంతా తేల్చేసింది. అదే దుమ్ము పీల్చి నేను గుమ్మడికాయలా ఎలా ఉన్నానో ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.

ఎండలో ఆడుకుని వస్తే దాని నుదుటి మీద తెల్లచారలు కట్టేవి. ఒకసారి వేలితో తీసి నాకి చూశాను.

"అమ్మా, చెల్లి ఉప్పగా ఉందే!"

వీపు మీద ఒక్కటి పడింది. "ఏందే ఆ పాడు పని? సున్నం లోపలికి పోతే పేగులు కాలిపోతయ్!"

రోజూ తమలపాకుకు సున్నం రాసుకునే అమ్మకు సున్నం ఉప్పగా ఉండదని తెలియదా... కానీ మా ఊళ్లో తెల్లగా కనిపించిందల్లా సున్నమే.

నాన్న చెల్లిని ఎత్తుకోవడమే మానేశాడు. ఎంత కడుక్కున్నా ఒంట్లోంచి దుమ్ము పోదని భయం. అది చేతులు చాపుకుని వస్తే "వద్దమ్మా, నాకాడికి రామాక" అని వెనక్కి జరిగేవాడు. దానికి ఆరేళ్లప్పుడు, గాలి మంచిదని ఎడ్లపాడులో పెద్దమ్మ దగ్గరికి పంపేశారు. ఆదివారం ఆదివారం నాన్న బట్టీ మొహం చూడని చొక్కా వేసుకుని వెళ్లి, అరుగు మీద దూరంగా కూర్చుని చూసి వచ్చేవాడు. ఏడాది తిరక్కుండానే పద్మ అక్కడే పోయింది...

"నా బట్టీనే మింగింది బిడ్డని" అని నాన్న ఆ పని వదిలేశాడు. ఆ మాట మాత్రం వదల్లేదు.

కిందటి వేసవిలో నా కొడుకు నుదుటి మీద అవే తెల్లచారలు కనిపించాయి. మేముండేది నరసరావుపేటలో, దగ్గర్లో ఏ బట్టీ లేదు. నాకి చూశాను... ఉప్పు!

గుంటూరులో డాక్టరుగారు వాడి దగ్గు సంగతి విని, "ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటాడా?" అని అడిగి చెమట పరీక్ష చేయించారు. చెమటలో ఉప్పు ఎక్కువగా పోయి, ఊపిరితిత్తుల్లో కఫం జిగురుగా పట్టేసే జబ్బట. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి లోపమున్న జన్యువు దాక్కుని ఉంటే వాళ్లకేమీ కాదు. ఆ రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు. అమ్మానాన్నలది మేనరికం. మాదీ మేనరికమే. దుమ్ము దాన్ని ముదిరిస్తుందే గానీ తెచ్చిపెట్టదన్నారు. బాబుకు మందులు మొదలయ్యాయి. రోజూ వీపు తట్టి కఫం తీయిస్తున్నాం.

అమ్మ పోయాక నాన్న మాతోనే ఉంటున్నాడు. ఈ సంగతి చెబితే ఆయన గుండె బరువు దిగుతుందనుకున్నాను, పిచ్చిదాన్ని. నేను వెళ్లేసరికి వాకిట్లో చొక్కా దులుపుతున్నాడు. బట్టీ మానేసి ఇరవై ఐదేళ్లయినా ఆ దులపడం మానలేదు.

అంతా విన్నాడు. చొక్కా చేతిలో అలాగే ఉండిపోయింది.

"అయితే... నేను దాన్ని ఎత్తుకున్నా ఏం అయ్యేది కాదా అమ్మా?"

లోపలికి వెళ్లి బాబును తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టాను. నాన్న వాడి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

"ఉప్పగానే ఉన్నాడే" అన్నాడు.

ఇప్పుడు కాస్త చెమట తీసి చూస్తే తెలిసిపోతోంది... అప్పుడు నా నాలుక మీదికి వచ్చినా ఎవరం పట్టించుకోలేదు. మీ ఇంట్లోనూ దుమ్ము మీదకో, దిష్టి మీదకో నెట్టేసిన పాత దగ్గు ఏదైనా ఉంటే, ఆ బిడ్డను ముద్దుగా ఏమని పిలిచేవారో కింద రాయండి... మా పద్మకు తోడుగా ఉంటుంది.